అమ్మోరి ముందు గట్టిగా

చెరకు కంపెనీ కూలీలం ఉండే మా క్యాంపులో అమ్మోరికి మొర పెట్టుకోవడమంటే గొంతెత్తి పెట్టుకోవడమే. మనసులో అనుకుని, చెంపలు వేసుకుని, చల్లగా ఇంటికి వచ్చేయడం మావాళ్ళకి తెలియదు. ఆషాఢంలో చెరకు కోతలు మొదలయ్యాక ఒక ఆదివారం పొద్దున్నే ఆడవాళ్ళం ఏటికి వెళ్ళి, పసుపు రాసిన బిందెలతో నీళ్ళు తెచ్చి గుడి ముందు పోసేవాళ్ళం. గుడి అంటే పెద్దగా ఊహించుకోకండి. నల్లరాళ్ళు పేర్చి పైన రేకు వేసిన గది. డప్పు మోగేది, మా అత్తకి పూనకం వచ్చేది. అప్పుడు ఒక్కొక్కరే ఆమె ముందు నిలబడి తమకి జరిగిన అన్యాయం అందరికీ వినపడేలా చెప్పాలి. ఎవరైనా సిగ్గుపడి మెల్లగా చెబితే వెనకనుంచి "గట్టిగా! గట్టిగా!" అని అరిచేవాళ్ళు.

ఎందుకంత గట్టిగా అని కొత్తకోడలిగా వచ్చినప్పుడు నేను అత్తనే అడిగాను. "పక్కోడు ఇననిది మొరేటే? అది గొణుగుడు," అంది. నలుగురి ముందు అరిచి చెప్పేటప్పుడు అబద్ధం చెప్పడం కష్టం. అదీ అందులోని కిటుకు. ఒకసారి ఒకావిడ తన కోడిపెట్టని ఎవరో ఎత్తుకుపోయారని మొర పెట్టుకుంటుంటే, అమ్మోరు నోరు విప్పకముందే గుంపులోంచి ఒక మగాడు "నానే తల్లీ, కూర బాగా కుదిరింది" అని ఒప్పేసుకున్నాడు. ఏడాదంతా కడుపులో కుక్కుకున్నదంతా ఆ పూట కక్కేసేవాళ్ళం. మర్నాడు మళ్ళీ కత్తులు పట్టుకుని చేలోకి వెళ్ళేవాళ్ళం.

ఇంకొక కట్టుబాటు ఉండేది. పూనకంలో అమ్మోరు ఏమందో పూనకం దిగిన మనిషికి ఎవరూ చెప్పకూడదు. చెబితే ఆ ఒంటి మీదికి అమ్మోరు మళ్ళీ రాదు. అందువల్ల అమ్మోరి మాట క్యాంపంతటికీ తెలిసేది, మా అత్తకి ఒక్కర్తెకే తెలిసేది కాదు. ఆమె సొమ్మసిల్లి లేచి, ఇంత అంబలి తాగి, "అందరూ బాగున్నారా? ఎవలైనా ఏడిసినారా?" అని అడిగేది. "బాగానే జరిగింది లే అత్తా" అని మేం మాట మార్చేవాళ్ళం. తన నోటి మాట తనకి తెలియకుండా ఎలా బతుకుతుందో నాకు అర్థమయ్యేది కాదు. నా నోటి మాట నాకు రెండుసార్లు వినపడితే గాని నాకు తృప్తి ఉండదు.

మా పుట్టిల్లు లాల్మతీ అనే ఊరి పక్క. మా అయ్య రామభజన గురువు. పాటలన్నీ నోటికి వచ్చు, అక్షరాలు కూడా వచ్చు. ఆడపిల్లకెందుకని ఎవరెంత వారించినా బొగ్గుముక్కతో బండ మీద నాకు దిద్దించాడు. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది ఆ పుణ్యమే. అక్షరాలతో పాటు నోరు కూడా ఇచ్చి పంపాడని అత్త దెప్పేది. అబద్ధమనను, కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అత్త తీరు వేరు. బల్లి మీద పడితే వణికిపోయేది. సిర్దారు, అంటే మా చేత పని చేయించే మేస్త్రీ, ఎదురైతే కొంగు తల మీదికి లాక్కుని గోడ పక్కకి తప్పుకునేది. "అమ్మోరికి క్యాంపులో ఇంకెవరూ దొరకలేదా?" అని నేను మా ఆయన్ని ఆటపట్టించేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. చేలోంచి మిల్లుకి ఎడ్లబండి మీద చెరకు తోలేవాడు. రోజంతా ఎడ్లతో తప్ప మనుషులతో పెద్దగా మాట్లాడని మనిషి.

మా తాతల దేశం నుంచి ఈ దీవికి కూలీల ఓడలు రావడం ఆగిపోయిన రోజులవి. పెద్ద యుద్ధం ఇంకా మొదలవలేదు. మా మామగారి కాలంలో ఫొటో అంటించిన చీటీ దగ్గర లేకుండా రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుపోయేవాళ్ళట. ఆయనతో పాటే ఆ రోజులూ పోయాయని మేం అనుకున్నాం. ఆ ఏడు తుఫాన్లు వెలిశాక కంపెనీ మా క్యాంపు దారికి అడ్డంగా ఒక ఇనుప గేటు పెట్టింది, బార్యేర్ అనేవాళ్ళు దాన్ని. పక్కన కాపలావాడికి చిన్న గది. బయటికి వెళ్ళాలంటే సిర్దారు చీటీ కావాలి. బయటివాళ్ళు లోపలికి రావాలన్నా అదే చీటీ. చెరకు దొంగలు ఎక్కువయ్యారన్నారు. జ్వరాలు పాకుతున్నాయన్నారు. అంతా మా మంచికేనన్నారు. ఆ గదిలో కాపలావాడితో పాటు తరచు ఒక పోలీసు జవాను కూడా కూర్చునేవాడు. జీతం సర్కారుది, తిండి కంపెనీ వంటింటిది. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకుంటాం? దొంగలెవరో మాకు ఎప్పుడూ కనబడలేదు, కాపలా మాత్రం మాకే పెట్టారు.

వైశాఖంలో మా అయ్య భజన మేళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఏటా వచ్చేవాడే. మా గుడి ముందు దీపస్తంభం చుట్టూ తిరుగుతూ పాడి, మా ఇంట్లో ఒక ముద్ద తిని వెళ్ళేవాడు. కబురు అంది నేను పరుగెత్తుకుని వెళ్ళేసరికి గేటుకి అవతల నిలబడి ఉన్నాడు, భుజాన తాళాల సంచితో.

"ఏమ్మా, కులాసాయేనా?" అన్నాడు, ఊచల మధ్యనుంచి.

"అయ్యా, అక్కడే నిలబడ్డావేం? లోనికి రా."

"ఈ బాబు వొద్దంటన్నాడు మరి."

కాపలావాడు చెయ్యి ఊపుతూ "పా కపావ్, పా కపావ్" అన్నాడు. కుదరదని. గుంపుగా వచ్చినవాళ్ళని రానివ్వకూడదట. పాటలు పాడేవాళ్ళని అసలే రానివ్వకూడదట. గుంపేమిటి, ఆయన నా కన్నతండ్రి అని అరిచాను. ఈ దీవి మాట క్రియోల్లో తిట్టాను, భోజ్‌పురీలో తిట్టాను, ఆఖరికి తెలుగులోకి దిగాను. జవాను లేచి నిలబడ్డాడు. అయ్య ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా తల నిమిరి, "ఊరుకో, మళ్ళీ వస్తాలే" అని మేళంతో వెనక్కి మళ్ళాడు. కన్నతండ్రి నా ఇంటి దారిలోకి వచ్చి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఆ తరువాత చాలా రోజులు నాకు కాలు ఒకచోట నిలవలేదు. అన్నం వండుతూ లేచి గుమ్మంలోకి వెళ్ళి గేటువైపు చూసి వచ్చేదాన్ని. "ఆ గేటు నీకేటి తిండి పెడతందే, కూకో" అని అత్త విసుక్కునేది.

మా ఆయన సిర్దారు దగ్గరికి వెళ్ళాడు. సిర్దారు పరాయివాడు కాదు, వరసకి మా ఆయనకి చిన్నాన్న, నాకు చిన్నమామ. చీటీ అడిగితే కంపెనీ దొరని అడిగి చెబుతానన్నాడు. మళ్ళీ వెళితే దొర ఊళ్ళో లేడన్నాడు. మళ్ళీ వెళితే, "ఒరే, నీ మావకి సీటీ ఇస్తే రేపు అందరి మావలూ వొస్తార్రా" అన్నాడు. మా ఆయన ఇంటికి వచ్చి నవ్వలేదు. ఆయన నవ్వకుండా ఊరుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

అమ్మోరి పండగ వచ్చింది. కంపెనీ ఆ పూజని ఆపలేదు. ఆపితే కోతలకి మనుషులు రారని వాళ్ళకి తెలుసు. పైగా దొర పంపాడంటూ సిర్దారు ఒక బుట్టెడు కొబ్బరికాయలు తెచ్చి గుడి ముందు పెట్టాడు. ఒంటికి పసుపు రాసుకుని, చేతికి తోరం కట్టుకుని ముందు వరసలోనే నిలబడ్డాడు. అతణ్ణి చూసి ఎవరూ మాట దాచుకోలేదు. అమ్మోరి ముందు గీసిన పసుపు గీత లోపల అన్న మాట ఆ గీత దాటదని మా తాతల నుంచీ ఉన్న నమ్మకం. కోడి దొంగని కూడా ఆ తరువాత ఎవరూ దెప్పలేదు. తోరం కట్టుకున్నవాడు ఎవడైనా అమ్మోరి బిడ్డే అనుకున్నాం. ఆ తప్పు మావాళ్ళే చెయ్యగలరు.

డప్పు మోగింది. అత్త జుట్టు విరబోసుకుని లేచింది. ఒకరు మొగుడి తాగుడు గురించి చెప్పారు. ఒకరు పిల్లకి తగ్గని జ్వరం గురించి చెప్పారు. అప్పుడు మా ఆయన పసుపు గీత దాటి ముందుకి వచ్చాడు. ఆయన ఎప్పుడూ మొర చెప్పుకున్నవాడు కాదు.

"అమ్మా," అన్నాడు. వెనకనుంచి "గట్టిగా!" అన్నారు. ఆయన గొంతు పెంచాడు. "అమ్మా! మా మావ మా ఇంటికి రావాలంటే సీటీ. నా పెళ్ళం పుట్టింటికి పోవాలంటే సీటీ. మేం ఉండేది ఇల్లా, జెయిలా? మేమందరం కత్తులు కిందెట్టీసి కూకుంటే ఈ బార్యేర్ లెగుద్దా, లెగదా? నువ్వు సెప్పు!"

డప్పు కూడా ఆగిపోయింది. అత్త ఆయన దగ్గరగా వచ్చింది. కన్నకొడుకుని గుర్తుపట్టిన చూపు కాదది. "గేటోడిది గేటొకటే," అంది. "సెయ్యి నీది. సేతులు కట్టుకోండి, అదే లెగుద్ది!"

ఒక్కసారిగా అందరూ గోల పెట్టారు. ఆడవాళ్ళు కేకలు వేశారు. నేను కూడా వేశాను, ఎందుకు వెయ్యను? కానీ మర్నాడు ఎవరూ చేతులు కట్టుకోలేదు. ఎప్పటిలాగే గంట కొట్టారు, ఎప్పటిలాగే వెళ్ళాం, చెరకు కొట్టాం. నలుగురి ముందు అన్నాం, అమ్మోరు విన్నది, అది చాలనుకున్నాం. మా మొర పద్ధతే అంత. ఎండ ఎక్కాక సిర్దారు, వెనక జవాను, గట్టు మీద నడుచుకుంటూ వచ్చారు. మా ఆయన బండి ఆపించారు. పని మానమని జనాన్ని ఎగదోశాడట, పదమన్నారు. ఆయన ఎడ్లని నీడకి కట్టి, వాటికి గడ్డి వేసి, ఆ తరువాత వాళ్ళ వెంట నడిచాడు. చేలో అందరం చూస్తూ నిలబడ్డాం. పని మానింది ఆ క్షణమే.

నేను సిర్దారు ఇంటి మీదికి వెళ్ళాను. "సిన్నమావా, తోరం ఇంకా నీ సేతికే ఉంది. ఎలా సెప్పినావు?" అన్నాను. అతను చేతిని వెనక్కి దాచుకున్నాడు. దొర అడిగితే ఏం చెయ్యమంటావన్నాడు. పూజలో ఏం జరిగిందని అడిగాడు, జరిగింది చెప్పానన్నాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందమ్మా" అని నాకే నీతి చెప్పాడు. ఆ మాటకి నేనేమన్నానో ఇక్కడ రాయను.

అతనే మళ్ళీ మా ఇంటికి ఒక బేరం తెచ్చాడు. బేరం దొరది. మా అత్త కోర్టులో జడ్జీ ముందు నిలబడి, తన మీదికి ఏ అమ్మోరూ రాదని, ఆ మాటలన్నీ కొడుకే నేర్పి పలికించాడని చెప్పాలి. కొడుకు క్షమించమని అడగాలి. అలా చేస్తే కంపెనీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటుంది, మనిషి ఇంటికి వస్తాడు. లేకపోతే ఆయన జైలుకి, మేం వీధిలోకి. మేం ఉండే గుడిసె కంపెనీది. దాని ముందు నాటిన మునగచెట్టు కూడా కంపెనీదేనని ఆ రోజే తెలిసింది.

నిజం చెబుతున్నాను, నేను అత్తని ఒప్పుకోమనే పోరాను. అమ్మోరి మీద నాకు భక్తి ఉంది, కానీ మొగుడి మీద ఇంకా ఎక్కువ ఉంది. "ఒక్క అబద్ధం ఆడితే ఏం పోద్ది అత్తా? అమ్మోరికి కోపమొస్తే నా మీద రానీ," అన్నాను. ఆమె బియ్యం ఏరుతోంది. నేను గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

"అబద్దం ఆడ్డానికైనా నిజమేటో తెలియాలి కదే," అంది చివరికి. "నానేటన్నానో నాకే తెలీదు. నువ్వు సెప్పు, నానేటన్నాను?"

నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అక్షరం పొల్లు పోకుండా నాకు గుర్తుంది. కానీ చెబితే అమ్మోరు ఆమె మీదికి ఇక రాదు. నేను నమ్మినా నమ్మకపోయినా, ఆమె నమ్మింది. ఏడాదికి ఆ ఒక్క పూట తప్ప ఆమెకి వేరే గొప్ప ఏముంది? చెప్పలేక నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఆమె క్యాంపులో మిగతా ఆడవాళ్ళని కూడా అడిగింది. ఎవరూ చెప్పలేదు. తన కొడుకుని జైల్లో పెట్టించిన మాట ఏమిటో తెలియకుండానే ఆమె కోర్టుకి బయలుదేరింది.

కోర్టులో బల్లలకి నూనె వాసన. ఒక పక్క కంపెనీ మేనేజరు దొర, అతని పక్కనే కుర్చీలో పోలీసు అధికారి. ఇద్దరూ చెవులు కొరుక్కుంటున్నారు. మా ఆయన్ని కటకటాల పక్కన నిలబెట్టారు. గడ్డం పెరిగింది. మమ్మల్ని చూసి నవ్వబోయాడు. మా తెలుగుని దొరల భాషలోకి మార్చడానికి పోర్ట్ లూయిస్ నుంచి ఒక దుబాసీని పిలిపించారు. తలపాగా, నల్లకోటు. ఆయన తెలుగు పురాణం చదివినట్టుంది. అమ్మోరి మాటని అత్తకి వినిపించడానికి కాగితం చూసి చదివాడు. "ద్వారపాలకునకు ద్వారమొక్కటియే కలదు. హస్తము నీయది..."

అత్త నా వైపు తిరిగి, "ఏటంటన్నాడే ఈ పంతులు?" అంది. వెనక బల్లల్లో మావాళ్ళు నవ్వారు. జడ్జీ బల్ల కొట్టాడు. దుబాసీకి చెమటలు పట్టాయి. సాక్షి ఉన్నాడు కదా, అతణ్ణే ఉన్నదున్నట్టు చెప్పమనండి అన్నాడు జడ్జీ.

సాక్షి సిర్దారే. అంతవరకు గుక్క తిప్పుకోకుండా మాట్లాడినవాడు ఇప్పుడు తడబడ్డాడు. "అది కుదరదు బాబూ," అన్నాడు. "ఆయమ్మకి సెప్పకూడదు. సెప్తే అమ్మోరు రాదు." దొరకి చెప్పగలిగాడు, పోలీసుకి చెప్పగలిగాడు. ఆమెకి చెప్పడానికి మాత్రం భయం వేసింది. చెప్పకపోతే నువ్వూ కటకటాల పక్కకే వెళతావని జడ్జీ అన్నట్టున్నాడు, దుబాసీ అదే అతని చెవిలో వేశాడు. అప్పుడు సిర్దారు అత్త ముఖం చూడకుండా, నేలకేసి చూస్తూ, "గేటోడిది గేటొకటే. సెయ్యి నీది. సేతులు కట్టుకోండి, అదే లెగుద్ది," అని అప్పగించాడు.

మా అత్త తన జీవితంలో తన అమ్మోరి మాట వినడం అదే మొదటిసారి. పూజలో కాదు, కోర్టులో. డప్పు లేదు, పసుపు లేదు. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ముందు తెల్లబోయింది. తరువాత పెదవులు కదిలాయి, ఆ మాట తనలో తాను అనుకుని చూసుకుంటోంది. ఆపైన, నా మీద ఒట్టు, చిన్నగా నవ్వింది.

"నీ కొడుకే నీకీ మాటలు నేర్పాడా?" అని అడిగించాడు జడ్జీ.

దొర ముందుకి వంగాడు. అవును అనడమే తరువాయి, మొగుడు ఇంటికి వచ్చేస్తాడు. అత్త కొడుకు వైపు చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు, తల కూడా ఊపలేదు.

"ఈడా?" అంది అత్త. "ఈడికి బండి తోలడం తప్ప ఏటీ రాదు బాబూ. ఇంత మాట ఈడికెక్కడిది? అది అమ్మోరి మాటైతే నాను అడ్డు సెప్పలేను. నా మాటైతే మళ్ళీ సెప్తాను." తల మీద కొంగు సర్దుకుంది. బల్లిని చూసినా వణికే మనిషి, పూనకం లేకుండా, తన సన్నటి గొంతుతో, దొర వైపు తిరిగి చెప్పింది. "గేటోడిది గేటొకటే. సెయ్యి మాది."

దుబాసీ దాన్ని దొరల భాషలో ఎలా మార్చాడో నాకు తెలియదు. చాలా పొట్టిగా మార్చాడు. జడ్జీ తల ఊపి ఏదో రాసుకున్నాడు. ముసలిదానికి మతి స్థిమితం లేదు, ఇంటికి పంపెయ్యండి అన్నాడట. మా ఆయనకి జైలు వేశారు. జైలు సంగతి విని నేను కుప్పకూలిపోయాను గానీ, అత్తకి తగిలిన దెబ్బ అది కాదు. ఆమె బతుకులో తెలివిగా, ఒంటి మీద తెలివి ఉండి, పదిమంది మగాళ్ళ ముందు అన్న ఒకే ఒక్క మాట అది. దాన్ని పిచ్చిమాట కింద రాసుకున్నారు. అందుకు కూడా జైలే వేసి ఉంటే ఆమె సంతోషించేదేమో. నాకు ఇప్పటికీ ఆ జడ్జీ మీద కోపం పోలేదు.

గుడిసె ఖాళీ చేయించారు. అయ్య బండి తెచ్చి, గేటుకి అవతలే నిలబడి సామాను అందుకున్నాడు. లాల్మతీ పక్కన రాళ్ళ నేల ఒక ముక్క పాలుకి తీసుకుని రాళ్ళు ఏరాం, చెరకు నాటాం. మా ఆయన తిరిగి వచ్చాక ఆ నేలలోనే పడ్డాడు. "జెయిల్లో గేటే నయం, అది గేటునని సెప్పుకుంటాది," అని ఒకసారి అన్నాడు. జైలు గురించి ఆయన నోట విన్నది అంతే.

మరుసటి ఏడు పండక్కి క్యాంపుకి వెళ్ళాం. గుడి ఉన్నది అక్కడే కదా, అడిగితే ఆ ఒక్క పూటకి చీటీ ఇచ్చారు. డప్పు మోగింది. అత్త జుట్టు విరబోసుకుని గుడి ముందు నిలబడింది. డప్పువాళ్ళు చేతులు నొప్పిపెట్టేదాకా కొట్టారు. ఆమె అలాగే నిలబడి ఉంది, మామూలు మనిషిలాగా, ఎండకి కళ్ళు చికిలించుకుని. చివరికి గుంపులోంచి ఇంకొక ఆవిడ కేక వేసి ఊగడం మొదలుపెట్టింది. అత్త తప్పుకుని దారి ఇచ్చింది. నా పక్కకి వచ్చి, "నన్ను ఖాళీ సేసీసినారే," అంది. ఆమెని పట్టుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

ఆ రోజే ఇంకొకటి కూడా చూశాను. మొర చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు ముందు వరసలో ఉన్న సిర్దారుని ఒకసారి చూసి, పూనకం వచ్చిన ఆవిడ మీదికి వంగి, చెవిలో చెప్పి వెళ్ళిపోతున్నారు. వెనకనుంచి ఎవరూ "గట్టిగా" అనలేదు. నేను అందామనుకున్నాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

అత్త పోయింది, అయ్య పోయాడు, మా ఆయన కూడా పోయాడు. ఇప్పుడు వకోవా ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ వాన ఆగదు, నాకు కాలు ఆగదు. వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉంటాను. ఎందుకమ్మా కూర్చోకూడదా అంటుంది కూతురు. కిందటి పండక్కి పట్టుబట్టి మనవరాలిని తీసుకుని ఆ క్యాంపుకి వెళ్ళాను. గేటు లేదు. ఎప్పుడు తీసేశారో కూడా అక్కడివాళ్ళకి తెలియదు. ఆ సిర్దారు లేడు, ఆ కంపెనీ చేతులు మారింది. ఎవరూ ఎవరినీ చీటీ అడగలేదు. గుడికి మాత్రం కొత్త గోడలు కట్టారు.

డప్పు మోగింది. కొత్తకోడలి వయసున్న ఒక పిల్లకి పూనకం వచ్చింది. జనం వరసగా వచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆమె చెవిలో చెప్పి వెళుతున్నారు. నా వంతు వచ్చింది. నేను గొంతు సవరించుకునేసరికి మనవరాలు కొంగు లాగింది. "మెల్లిగా, అవ్వా. గట్టిగా చెబితే అమ్మోరు వినదంట," అంది. ఎవరు చెప్పారే అన్నాను. అందరూ అంటారంది. అదే ఆచారమంది.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పసుపు గీత దాటి వెళ్ళి, క్యాంపంతా వినపడేలా అరిచాను. "అమ్మా! వీళ్ళంతా ఎందుకిలా గుసగుసలాడతన్నారు? గేటు తీసేసినారు కదా! ఇంకా ఎవలికి భయం?"

అందరూ నా వైపు తిరిగారు. మతి లేని ముసలిదాన్ని చూసినట్టు చూశారు. పూనకంలో ఉన్న ఆ పిల్ల ఊగుతూ నా దగ్గరికి వచ్చింది. అలవాటు కొద్దీ చెవిని నా నోటికి ఆనించి కాసేపు నిలబడింది. నేను ఇంకేమీ చెప్పకపోయేసరికి, నా చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"ఏ గేటు?"